మలబారు కిష్తీలు - కుంజాలి మరక్కార్లు

యుద్ధనౌక అనగానే మన పిల్లలు ఒకే రకం జహాజును ఊహించుకుంటారు. ఫౌజులో గుర్రపుదళం వేరు, కాలిబలం వేరు. సముద్రం మీద కూడా అంతే, ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకం ఓడ కావాలి. 16వ శతాబ్దంలో మలబారు తీరాన జరిగిన పోరాటం చదివితే ఈ సంగతి చక్కగా బోధపడుతుంది.

1498లో వాస్కోడిగామా కాలికట్ చేరిన విషయం బడిపిల్లలందరికీ కంఠతా వచ్చు. అదే మనిషి 1502లో మళ్ళీ వచ్చి, మక్కా నుండి తిరిగి వస్తున్న హాజీల ఓడను ఆడవాళ్ళు, పిల్లలు ఉండగానే తగులబెట్టించిన విషయం చాలామంది పెద్దలకే తెలియదు. అటుపిమ్మట పోర్చుగీసువారు 'కర్తాజ్' అనే చీటీ పెట్టారు. అది లేని ఓడను పట్టుకొని సరుకు లాగేసుకునేవారు. సాక్షాత్తు అక్బర్ బాద్షా మేనత్త గుల్‌బదన్ బేగం 1575లో హజ్‌కు బయలుదేరి, ఈ చీటీ కోసం సూరత్‌లో నెలల తరబడి ఆగిపోయారు. బాద్షా ఇంటివారికే ఇట్లా ఉంటే మామూలు సౌదాగర్ల మాట చెప్పేదేముంది!

వారి బలమంతా ఓడల్లోనే ఉంది. 'కరాక్' అనే వారి ఎత్తయిన పెద్ద ఓడకు రెండు పక్కలా ఫిరంగులు వరుసగా ఉండేవి. మధ్యధరా సముద్రపు 'గాలీ' ఓడకు ఆ వీలు లేదు. దాని పక్కలన్నీ తెడ్లు వేసేవారితో నిండిపోతాయి, ఫిరంగులు ముందువైపే పెట్టాలి. 1509లో డయ్యూ దగ్గర ఈజిప్టు, గుజరాత్, కాలికట్ నౌకలు కలిసి కూడా ఓడిపోయాయంటే ధైర్యం లేక కాదు, ఈ తేడా వల్లనే ఎక్కువ అని మేము అనుకుంటాము.

కాలికట్ రాజు సామూతిరి హిందువు. ఆయన తన నౌకాబలాన్ని మరక్కార్ ముస్లిములకు అప్పగించి 'కుంజాలి' అనే బిరుదు ఇచ్చాడు. వీరు కరాక్‌లకు పోటీగా కరాక్‌లు కట్టలేదు. 'పరావు' అనే తేలిక కిష్తీలను వాడారు. ఒక్కొక్కదానిలో 30, 40 మంది తెడ్లు వేస్తారు. లోతు తక్కువ నీటిలోనూ నడుస్తుంది. గాలి పడిపోయినప్పుడు పెద్ద ఓడ కదలలేదు కదా, ఇవి గుంపుగా వచ్చి దెబ్బ తీసి ఏటి మలుపుల్లోకి మాయమయ్యేవి. వెంటబడదామంటే కరాక్ అడుగు ఇసుకకు తగులుతుంది. అయితే నడిసముద్రంలో కరాక్‌ను నిలవేయడం పరావుల వల్ల అయ్యే పని కాదు, ఇదీ ఒప్పుకోవాలి.

ఏటిముఖానే మూడవ కుంజాలి కోట కట్టాడు. వడకర దగ్గరి కొట్టక్కల్ అదే. నాలుగవ కుంజాలి కాలానికి సామూతిరితో చెడింది. కుంజాలి రాజబిరుదులు పెట్టుకోవడం తప్పే, కాని సామూతిరి పోర్చుగీసువారితో చేతులు కలపడం అంతకన్నా పెద్ద తప్పు. 1599లో కోటపై దాడి విఫలమైంది. 1600లో నేలవైపు సామూతిరి, నీటివైపు పోర్చుగీసువారు ముట్టడించగా, కుంజాలి ప్రాణరక్షణ మాట తీసుకొని సామూతిరికి లొంగిపోయాడు. ఆ మాట నిలవలేదు. పోర్చుగీసువారు ఆయనను గోవాకు తీసుకుపోయి తల నరికారు.

ఈనాడు మన నౌకాదళంలో విమానాలను మోసే ఓడ వేరు, ఇతర నౌకలకు కాపలా కాసే ఫ్రిగేటు వేరు, నీటి అడుగున పొంచి ఉండే సబ్‌మెరైన్ వేరు. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీపై దాడి చేసినవి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు. వాటిది దూరప్రయాణం చేసే శక్తి కాదు, అందుకే కిల్తాన్, కచ్చల్ అనే రెండు పెద్ద నౌకలు తోడు వెళ్ళాయి. మరక్కార్లకు లేకపోయింది ఆ తోడే.

బొంబాయి కొలాబాలో నౌకాదళంవారి స్థావరం ఒకటి ఉంది. దాని పేరు ఐ.ఎన్.ఎస్. కుంజాలి.