రేవు అడ్డుగోడల జీవరాశి – నీటి అడుగు ఛాయాచిత్రాల ప్రయోజనం

పోచంపాడు: శ్రీరామసాగర్ మట్టికట్టను అలల కోత నుండి కాపాడుటకు నీటివైపున రాళ్లు పరచి ఉండుట ఈ ప్రాంత ప్రజలకు సుపరిచితమే. సముద్ర రేవులలో ఇదే బాధ్యతను బ్రేక్‌వాటర్లుగా పిలువబడే అడ్డుగోడలు నిర్వహిస్తాయి. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవు ముఖద్వారం వద్ద రెండు పాత ఓడలను ముంచి ఇటువంటి రక్షణ కల్పించారు. 1970వ దశకంలో ఔటర్ హార్బరుతో పాటు పొడవైన రాతి గోడలు వెలిశాయి.

ఇసుక తీరంలో పట్టు దొరకని జీవులకు ఈ గోడలే ఆవాసం. బార్నకిల్స్, ఆలుచిప్పలు రాతికి అతుక్కొని పెరుగగా, వాటి సందులలో పీతలు, చేపలు చేరుతాయి. ఓడలతో పాటు పరదేశ జీవులూ వస్తాయి. కరీబియన్ ప్రాంతానికి చెందిన మైటిలోప్సిస్ సల్లై అను చిన్న ఆలుచిప్పను భారతదేశంలో మొదట 1967లో విశాఖ రేవులోనే గుర్తించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అంతకు ముందు నుండే ఈ రేవులోని అతుకుడు జీవులను అధ్యయనం చేస్తూ ఉండుట వలన కొత్త జాతిని పోల్చుకోగలిగారు. అప్పటికే అది రేవులో స్థిరపడింది. తదుపరి ముంబయికి, ఇటీవల కేరళ ఉప్పుటేరులకు వ్యాపించి స్థానిక ఆలుచిప్పలకు చోటు లేకుండా చేస్తున్నది.

ఇదే జీవి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవులలో గజఈతగాళ్ల కంటపడింది. కొద్ది నెలల ముందు జరిపిన పరిశీలనలో అది లేదని రికార్డు ఉన్నందున అధికారులు జాప్యం చేయక రేవులను మూసి, క్లోరిన్, మైలుతుత్తము కలిపి సమూలంగా నిర్మూలించారు. ఒకే రాతిని ఏటేటా ఛాయాచిత్రాలలో నమోదు చేయవలసిన అవసరం ఇక్కడే విశదమగుచున్నది.

ఫ్రాన్స్ దేశస్థుడైన లూయీ బూటాన్ 1893లో నీటి అడుగున ఛాయాచిత్రాలు తీశారు. నీరు ఎరుపు రంగును ముందుగా హరించును గనుక కొద్ది మీటర్ల లోతుకే చిత్రం నీలిబారుతుంది, ఫ్లాష్ తప్పనిసరి. దానిని లెన్సుకు ఎడంగా పట్టనిచో నీటిలోని నలుసులు వెలిగి చిత్రం మంచు కురిసినట్లగును. వస్తువుకు చేరువగా వెళ్లుట ఉత్తమం. వర్షాకాలపు బురదనీటిలో ఈ ప్రయత్నం వృథా. చిత్రంలో ఒక స్కేలు, దానితో పాటు తేదీ, లోతు, స్థలం నమోదు కావలెను. ఇవి లేని చిత్రం ఎంత అందమైనదైనా గోడకు వ్రేలాడదీయుటకే పనికివచ్చును.

విశాఖ రేవు తూర్పు నౌకాదళ స్థావరానికి ఆనుకొని ఉన్నది. పోర్టు అథారిటీ, భద్రతాధికారుల ముందస్తు అనుమతి లేనిదే అక్కడ నీటిలో దిగరాదు. ఓడల రాకపోకల మార్గంలోను, అలలు విరిగే రాళ్ల చెంతను ఒంటరిగా మునుగుట ప్రాణాపాయకరం.