ఇంగ్లీషు వాక్య నమూనాలు

ఇంగ్లీషు వాక్యంలో కర్త ఏది, కర్మ ఏది అన్నది చాలావరకు మాటల స్థానమే తేలుస్తుంది. ‘ది డాగ్ బిట్ ది మ్యాన్’లో నామవాచకాలు తారుమారైతే కరిచింది మనిషవుతాడు. తెలుగులో ‘మనిషిని కుక్క కరిచింది’ అన్నా, వరుస మార్చి చెప్పినా ‘ని’ ప్రత్యయం కుక్కనే దోషిగా నిలబెడుతుంది. ప్రాచీన ఇంగ్లీషులోనూ విభక్తులుండేవి. మధ్యయుగంలో అవి అరిగిపోతూ రాగా కర్త, క్రియ, కర్మ వరుస స్థిరపడింది.

రాండాల్ఫ్ క్విర్క్ బృందం 1985లో ప్రచురించిన బృహద్వ్యాకరణం ఉపవాక్యాలను ఏడు రకాలుగా చూపింది. రకాన్ని నిర్ణయించేది క్రియే. ‘స్లీప్’కు కర్త చాలు. ‘పుట్’కు వస్తువుతో పాటు చోటూ కావాలి, ‘ఐ పుట్ ది కీస్’ అని ఆపేస్తే వినేవారు ‘ఎక్కడ?’ అంటారు. ‘గివ్’ రెండు కర్మలను మోస్తుంది: ‘షీ గేవ్ మీ ఎ బుక్’. అదే ధీమాతో ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ది లెసన్’ అంటే కుదరదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ది లెసన్ టు మీ’ అనాలి. భారతీయుల నోట తరచూ వినిపించే పొరపాటిది. ఏ క్రియకు ఏ నమూనా కుదురుతుందన్నది అర్థాన్ని బట్టి ఊహించగలిగేది కాదు మరి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, నేర్చుకునేవారి కోసం 1954లో వెలువరించిన గ్రంథంలో క్రియలను 25 నమూనాల కింద సర్దాడు.

కర్త స్థానం ఖాళీగా ఉండటానికి సాధారణంగా వీల్లేదు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ‘ఇట్’ దేన్నీ సూచించదు, చోటు నింపుతుందంతే.

కబుర్లలో మాత్రం ఈ కట్టుబాటు సడలుతుంది: ‘కమింగ్?’, ‘గాట్ ఎ మినిట్?’, ‘సీ యూ టుమారో’.