తూగుతున్న పెట్ట

2025 ఫిబ్రవరి 16, ఆదివారం. టేకులపల్లిలో ఓ పెరడు. పొద్దున్నే గంప ఎత్తితే పెట్ట బయటికి ఉరకలేదు. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని తూగుతోంది. చల్లిన నూకల వైపు చూడనైనా లేదు.

"అత్తమ్మా, దీనికి కొక్కెరొచ్చినట్టుంది."

"సచ్చేలోపు కోసేద్దాం. పొయ్యి మీద నీళ్లు పెట్టు బిడ్డా."

ఈ ఇల్లు ఫలానావారిది కాదు, మాటలు నేను కూర్చినవే. కానీ కోళ్లు పెంచుకునే ఇళ్లలో ఈ సంభాషణ తరతరాలది. తప్పని ఎలా అంటాం? నెలల తరబడి గింజలు పోసి సాకిన పెట్టను ఉత్తపుణ్యానికి పారేసుకోలేరు. పైగా కొక్కెర తెగులు గూళ్లకు గూళ్లు ఖాళీ చేస్తుందే గానీ మనిషి ప్రాణం జోలికి రాదు. అందుకే ఆ అలవాటు ఇన్నాళ్లూ చెల్లింది.

ఆ నెలలో గోదావరి దిగువన దిగింది కొక్కెర కాదు. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల నమూనాల్లో హెచ్5ఎన్1 ఉందని ఫిబ్రవరి 10న భోపాల్ ప్రయోగశాల తేల్చింది. బర్డ్ ఫ్లూ. ఫారాల చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చాలన్నారు. తెలంగాణ సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి పంపారు. సరిగ్గా ఆ వారమే, 12 నుంచి 15 దాకా, మేడారంలో మినీ జాతర. మన అడవి పల్లెల్లో కోడి కూరకే కాదు, మొక్కుకూ కావాలి.

ఒక్కసారి అలాంటి ఫారం షెడ్డులోకి వెళ్లి చూడండి. వేల గుడ్ల కోళ్లు, ఒకదాని ఊపిరి ఇంకొకటి పీలుస్తూ. అడవి బాతుల్లో పెద్దగా హాని చేయకుండా తిరిగే హెచ్5 రకాలు ఇలాంటి కిక్కిరిసిన చోట పడితే కోడి నుంచి కోడికి పాకుతూ ప్రాణాంతకంగా మారగలవు. ఇప్పటి ఈ వైరస్ వంశాన్ని 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, పెంపుడు బాతు జాతి పక్షుల్లో గుర్తించారు. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు పోయారు. చవకగా గుడ్డు, చవకగా మాంసం కావాలని మనమే కట్టుకున్న షెడ్లివి. అక్కడ పుట్టిన ముప్పు మనుషుల చెప్పులకు, ట్రేలకు, లారీ చక్రాలకు అంటుకుని ఊరి గంప దాకా రాగలదు.

బాగా ఉడికిన కూరతో భయం లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. ప్రమాదమంతా అంతకుముందే ఉంది: కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు. అంటే ఇంటి ఆడవాళ్ల చేతుల్లో, పక్కన కూర్చున్న పిల్లల దగ్గర. ఆ ఏడాది మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఓ పసిపాప ఈ వైరస్‌తో కన్నుమూసింది. పుణె వైరాలజీ సంస్థ నిర్ధారించింది. పచ్చి కోడి ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ తల్లిదండ్రులను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

పరిహారం సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. ప్రభుత్వ బృందం చంపిన కోడికి డబ్బిస్తారు. అంతకుముందే చచ్చినదానికి ఇవ్వరు. ముందుగా కబురు చేసినవాడికి, చచ్చిన కోడికి కూడా ఇస్తే ఎవరు దాస్తారు, ఎవరు కాలవలో విసురుతారు?

పెరట్లో నీళ్లు కాగాయి. కోడలు ఫోనులో వచ్చిన వార్త చదివి వినిపించింది.

"అత్తమ్మా, దీన్ని ముట్టొద్దట. పశువుల డాక్టరుకు చెప్పాల్నట."

పెద్దావిడ పెట్టను కిందికి దించలేదు. సంకలోనే పెట్టుకుని అడిగింది.

"చెప్తే, దీని పైసలెవరిస్తరు బిడ్డా?"