గేటు దాటిన మనిషి: మణి కౌల్ ‘అహమక్’ మీద కొన్ని పరిశీలనలు

1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ సినిమాలో సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. బుచ్చిబాబు నవలకూ ఈ సినిమాకూ పేరు ఒక్కటే తప్ప సంబంధం లేదు. కథ అశుతోష్ ముఖర్జీది. అంతకు ముందటి ఏడాది అసిత్ సేన్ దాన్ని సుచిత్రా సేన్‌తో బెంగాలీలో ‘దీప్ జ్వేలే జాయ్’గా తీశాడు. పదేళ్ల తర్వాత మళ్లీ ఆయనే వహీదా రెహమాన్‌తో హిందీలో ‘ఖామోషీ’గా తీశాడు. మూడు భాషల్లోనూ కథ ఒకచోటే ఆగుతుంది. రోగికి నయమవుతుంది, అతను బయటికి వెళతాడు. ప్రేమ నటించి అతన్ని బాగుచేసిన నర్సు మతి చెదిరి అదే ఆసుపత్రిలో రోగిగా మిగిలిపోతుంది. మన కళ్లు ఆమె మీదే నిలిచిపోతాయి. నిలవడం న్యాయమే. అయితే గేటు దాటిన ఆ మనిషిని ఊరు ఎలా చూసిందో, ఇంట్లోవాళ్లు ఏ గొంతుతో పలకరించారో మనకు తెలియదు.

కథను సరిగ్గా అక్కడే మొదలుపెట్టిన సినిమా ఒకటుంది. అది మణి కౌల్ తీసిన ‘అహమక్’. 1991లో దూరదర్శన్ కోసం నాలుగు భాగాలుగా తీశారు. 1992 అక్టోబరులో న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో ‘ఇడియట్’ పేరుతో ఒకే సినిమాగా వేశారు. 1993లో ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల అవార్డు వచ్చింది. తెలుగువాళ్లకు ‘ఇడియట్’ అనగానే 2002 నాటి రవితేజ సినిమా గుర్తొస్తుంది కాబట్టి ఈ వ్యాసంలో ‘అహమక్’ అనే అంటాను. హైదరాబాదు గల్లీల్లో ఆ తిట్టు వినని చెవులు తక్కువ.

మూలం దోస్తోయెవ్‌స్కీ నవల. 1868లో రష్యన్ పత్రికలో ధారావాహికగా మొదలైంది. నవలలో మిష్కిన్ స్విట్జర్లాండులో వైద్యం చేయించుకుని పీటర్స్‌బర్గ్ వస్తాడు. కౌల్ సినిమాలో మిస్కిన్ లండన్‌లో వైద్యం చేయించుకుని బొంబాయి వస్తాడు. ఆ పాత్ర వేసింది ఇంగ్లండులో పుట్టి పెరిగిన అయూబ్ ఖాన్ దిన్. అప్పటికింకా వెండితెర తార కాని షారుఖ్ ఖాన్ రఘుజన్‌గా, మీతా వశిష్ఠ్ నస్తాసియాగా చేశారు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. మిస్కిన్ జబ్బు మూర్ఛ, మనం ఫిట్స్ అంటాం. అది మెదడులో విద్యుత్ సంకేతాలు అదుపు తప్పడం వల్ల వచ్చే నరాల జబ్బు. నేటి వైద్యం లెక్కలో అది మతిభ్రమణం కాదు. దోస్తోయెవ్‌స్కీకి స్వయంగా ఆ జబ్బు ఉండేది, ఆ మనిషి ఏం రాశాడో లోకానికి తెలుసు. కాబట్టి ‘అహమక్’ను పిచ్చాసుపత్రి సినిమాల వరసలో పెట్టడం వైద్యపరంగా తప్పు. సామాజికంగా కూడా తప్పేనా? అలా అనుకోవడానికి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ రెండింటినీ ఒకే గాటన కట్టింది ముందు జనం, తర్వాత చట్టం.

చట్టాల పాఠం చూద్దాం. 1912 నాటి ఇండియన్ ల్యూనసీ యాక్టు ‘ల్యూనటిక్’ అంటే ‘ఇడియట్’ గానీ మతి స్థిమితం లేని వ్యక్తి గానీ అని నిర్వచించింది. 1955 హిందూ వివాహ చట్టం ఐదో సెక్షన్ పెళ్లి నాటికి వధూవరుల్లో ఎవరూ ‘ఇడియట్’ గానీ ‘ల్యూనటిక్’ గానీ అయి ఉండకూడదంది. 1976 సవరణ ఆ రెండు మాటలనూ తీసేసింది. వాటి స్థానంలో వచ్చిన నిబంధనల్లో ఒకటి, పదే పదే పిచ్చి గానీ మూర్ఛ గానీ వచ్చే వ్యక్తి పెళ్లికి అనర్హుడంది. అలాంటి పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. మూర్ఛ అన్న మాట ఆ సెక్షన్‌లోంచి తొలగింది 1999 సవరణతో.

ఇప్పుడు ఈ తేదీల పక్కన ‘అహమక్’ తేదీ పెట్టి చూడండి. 1912 చట్టం స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్‌లో. అంటే సినిమా తయారైన 1991లో ‘ఇడియట్’ అనేది తిట్టు మాత్రమే కాదు, ఈ దేశంలో అమల్లో ఉన్న ఒక చట్టంలోని మాట. పెళ్లి దగ్గర మూర్ఛను పిచ్చి పక్కన కూర్చోబెట్టిన చట్టం కూడా అప్పుడు అమల్లోనే ఉంది. ఆ కథలో ముడి అంతా పెళ్లి చుట్టూనే తిరుగుతుంది. అందరూ వేలం వేస్తున్న నస్తాసియాను నేను పెళ్లాడతానని ముందుకొచ్చేది, ఆమెను గౌరవించే ఒక్క మగవాడు, ఈ ‘అహమక్’. దీన్నిబట్టి కౌల్ చట్టాన్ని మనసులో పెట్టుకునే ఈ నవలను ఎంచుకున్నాడని అనలేం. ఆయన దోస్తోయెవ్‌స్కీ కథల మీద అప్పటికే మనసు పడి, వాటిలో ఒకదానితో అంతకు ముందే ‘నజర్’ తీసి ఉన్నాడు. నేను చెప్పగలిగేది ఇంతే: ఆ మనిషిని ఇంట్లోవాళ్లూ బజారూ ఏ పేరుతో పిలిచాయో, ప్రభుత్వపు పుస్తకం కూడా అదే పేరుతో పిలిచిన కాలమది.

మన భాషకు ఇక్కడ కొంచెం దయ ఉందనిపిస్తుంది. పిచ్చివాడు వేరు, వెర్రిబాగులవాడు వేరు. రెండోదాంట్లో మోసం తెలియనివాడనే అర్థం ఉంది, కాస్త జాలీ ఉంది. మిస్కిన్ వెర్రిబాగులవాడు. అయితే జాలి కూడా ఒక దూరమే. ‘పాపం, మంచివాడే’ అన్నాక ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు ఎందరు?

కౌల్ ఆ జాలిని దగ్గరికి రానివ్వకపోవడం నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఆయన రిత్విక్ ఘటక్ శిష్యుడు, బ్రెస్సన్ సినిమాల అభిమాని. ధ్రుపద్ నేర్చుకుని, ఆ సంగీతం మీద సినిమా తీసినవాడు. నటుడి ముఖంలో ఉద్వేగం పిండి చూపించడం ఆయన పద్ధతి కాదు. ఎక్కడ కన్నీళ్లు పెట్టాలో ప్రేక్షకుడికి చెప్పడు. ‘ఖామోషీ’ చూస్తే గుండె బరువెక్కుతుంది. ‘అహమక్’ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, గది నిండా మాట్లాడే మనుషుల మధ్య మనమూ ఒకరిగా నిలబడి అతన్ని చూస్తున్నట్టు.

మిస్కిన్ కథ చెప్పే ఈ సాక్ష్యానికి ఒక పెద్ద పరిమితి ఉంది. దాన్ని దాస్తే వ్యాసం అబద్ధమవుతుంది. నవలలో మిష్కిన్ రాజవంశీకుడు, మధ్యలో ఆస్తి కలిసొస్తుంది. అతనికి తలుపులు తెరుచుకోవడంలో ఆ వంశానికీ ఆ డబ్బుకూ వాటా ఉంది. మన ఎర్రగడ్డ ఆసుపత్రి నుంచో విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల నుంచో నయమై బయటికొచ్చే కూలీ మనిషికి ఆ రెండూ ఉండవు. పైగా ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే మనం వెక్కిరింతకు వాడుకున్నాం. నయమైనా తీసుకెళ్లేవాళ్లు లేక దేశంలోని ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో, కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదనో, ఇల్లు లేదనో ఒక మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని రాయాల్సి వచ్చింది. మిస్కిన్ కథ వాళ్ల కథకు నమూనా కాదు. గేటు బయట ఏముందో చూడాలన్న చూపు మాత్రమే అందులోంచి తీసుకోవచ్చు.

నవలలో ఒక ఘట్టం ఉంది. మెట్ల మీద చీకట్లో స్నేహితుడే కత్తి ఎత్తుతాడు. ఆ క్షణాన మిష్కిన్‌కు మూర్ఛ వస్తుంది. ఆ మూర్ఛలో వెలువడిన కేకకు బెదిరి చంపబోయినవాడు పారిపోతాడు. జబ్బే ప్రాణం కాపాడుతుంది. మన బస్టాండుల్లో ఎవరైనా అలా పడిపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. చుట్టూ గుంపు చేరుతుంది. ఎవరో పరుగున వచ్చి అరచేతిలో తాళాల గుత్తి కుక్కుతారు. ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టమంటారు. రెండు నిమిషాలకు ఆ మనిషి కళ్లు తెరిచి, తన చుట్టూ అన్ని ముఖాలు చూసి, ముందు చొక్కా సర్దుకుంటాడు. చేతిలో ఇనుము పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, తాళాలకు పేరొస్తుంది. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండటం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చడం.

నవల చివర మిష్కిన్ మళ్లీ అదే వైద్యశాలకు చేరతాడు. ఈసారి ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో. వైద్యం విఫలమైందని అనడానికి నవలలో ఆధారం తక్కువ. బాగుపడి వచ్చిన మనిషి బయట గడిపిన నెలల్లో ఏం జరిగిందో మాత్రం అందులో వందల పేజీల వివరం ఉంది. 2017 చట్టం మూడో సెక్షన్ ఇప్పుడు చెబుతున్నది ఇది: గతంలో వైద్యం చేయించుకున్నాడన్నంత మాత్రాన ఒక మనిషిని ఇవాళ మానసిక రోగిగా నిర్ణయించడానికి వీల్లేదు.