కరాలా దీపస్తంభం, ఒంటిగది బడి

అమెరికాలో ఉత్తర కరొలైనా రాష్ట్రపు అట్లాంటిక్ తీరాన సన్నగా, పొడవుగా సాగే ఇసుక దిబ్బలను ఔటర్ బ్యాంక్స్ అంటారు. అక్కడి కరాలా గ్రామానికి ఒకవైపు సముద్రం, మరోవైపు మన పులికాట్‌ను తలపించే కరిటక్ సౌండ్ సరస్సు. ఊళ్లోని దీపస్తంభం, దానికి నడక దూరంలో ఉన్న పాత బడి నేటికీ నిలిచి ఉన్నాయి.

19వ శతాబ్దంలో ఉత్తరాన కేప్ హెన్రీ, దక్షిణాన బోడీ దీవి దీపస్తంభాల నడుమ తీరం రాత్రిళ్లు చిమ్మచీకటిగా ఉండేది. దక్షిణానికి పోయే ఓడలు గల్ఫ్ స్ట్రీమ్ ఎదురు ప్రవాహాన్ని తప్పించుకోవడానికి ఒడ్డు వెంబడే నడిచి, ఇసుక మేటలెక్కి విరిగిపోయేవి. ఆ చీకటిని పోగొట్టడానికి కరాలాలో కట్టిన కరిటక్ బీచ్ దీపస్తంభం 1875 డిసెంబరు 1న వెలిగింది. ఎత్తు 162 అడుగులు. పట్టిన ఇటుకలు సుమారు పది లక్షలు. పొరుగు స్తంభాలకు చారల రంగులు వేస్తే, పగటిపూట నావికులు తేడా గుర్తుపట్టేలా దీన్ని పూత లేకుండా ఎర్రగానే వదిలేశారు. ఆ నిర్ణయం వల్లే నాటి తాపీ పనితనం మన కళ్లకు దక్కింది.

తొలినాటి నూనె దీపానికి ఒకదానిలో ఒకటి ఇమిడిన అయిదు వత్తులుండేవి. కటకాన్ని తిప్పే యంత్రం బరువులు రెండున్నర గంటలకోసారి కిందికి జారిపోయేవి. కాపలాదారు నిద్ర మానుకుని వాటిని చేత్తో తిప్పి పైకి చుట్టాలి. దీపం వచ్చాకా ప్రమాదాలు పూర్తిగా ఆగలేదు. బ్రెజిల్‌లో రైలు మార్గం వేయడానికి కూలీలను తీసుకెళ్తున్న మెట్రోపోలిస్ ఓడ 1878 జనవరి 31న ఈ తీరానే విరిగిపోయి 85 మంది చనిపోయారు.

20వ శతాబ్దంలో దీపం దానంతటదే వెలిగే ఏర్పాటు రావడంతో కాపలాదారుల అవసరం తీరిపోయింది. 1876లో వాళ్ల కోసం కట్టిన జంట ఇల్లు తలుపులు, కిటికీలు ఊడి, తీగలల్లుకుని పాడుబడింది. 1980లో ఏర్పడిన ఔటర్ బ్యాంక్స్ కన్జర్వేషనిస్ట్స్ సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి దాన్ని నిలబెట్టింది. 1990 నుంచి సందర్శకులను స్తంభం పైకి అనుమతిస్తున్నారు. 220 మెట్లెక్కితే సముద్రం, సరస్సు ఒకేసారి కనిపిస్తాయి. పైన ఉన్నది తొలినాటి ఫ్రెనెల్ కటకమే. రాత్రి దీపం మూడు సెకన్లు వెలిగి, పదిహేడు సెకన్లు ఆరి ఉంటుంది.

ఇక ఆ పాత బడి 1890ల నాటి చెక్క కట్టడం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలపను కూడా అందులో వాడారు. అన్ని తరగతులూ ఒకే గదిలో నడిచేవి. ఊరు పలచబడి 1958లో అది మూతపడింది. 1999లో బాగుచేశారు. దాన్ని గాజు పెట్టెలోని బొమ్మలా అట్టేపెట్టకపోవడమే ఈ ఊరి ఘనత. బడి మూతపడ్డాక కరాలా పిల్లలు సరస్సు చుట్టూ తిరిగి, బస్సులో దూరాన ఉన్న బడులకు పోవలసి వచ్చేది. తల్లిదండ్రులు పట్టుబట్టడంతో 2012లో వాటర్స్ ఎడ్జ్ విలేజ్ స్కూల్ అనే చార్టర్ పాఠశాల (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే బడి) అక్కడే మొదలైంది. 54 ఏళ్ల తరువాత ఆ గదిలో మళ్లీ పాఠాలు చెప్పారు.