ఇంజను శక్తిలో నాగలికి అందేదెంత?



ఎద్దుల జతను కొనబోతే సంతలో మనమేం చేస్తాం? పళ్ళు చూస్తాం, నడక చూస్తాం, వీలుంటే బండికి కట్టి నాలుగు బారలు లాగించి చూస్తాం. అమ్మేవాడు "కొండనైనా లాగుతాయండీ" అన్నంత మాత్రాన రొక్కం చేతిలో పెట్టము. మరి అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన ట్రాక్టరు దగ్గరకు వచ్చేసరికి బానెట్టు మీది అంకెను చూసి నమ్మేస్తాం. "ఇది 50 గుర్రాలది" అంటాం. ఆ 50 గుర్రాలూ ఇంజను దగ్గర ఉన్నవి. నాగలి దగ్గరకు ఎన్ని వస్తున్నవి? ఈ ప్రశ్నను వంద సంవత్సరాల క్రిందట అమెరికాలో ఒక రైతు అడిగాడు. అడిగి ఊరుకోలేదు, దానికోసం చట్టమే చేయించాడు.

ఆయన పేరు విల్మట్ క్రోజియర్. నెబ్రాస్కా రాష్ట్రంలో పోల్క్ కౌంటీవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. అప్పుడు అమెరికాలో ట్రాక్టర్లు చేస్తున్నామని చెప్పుకునే కంపెనీలు వందకు పైగా ఉండేవి. కొందరు నిజంగానే చేసేవారు, కొందరు కాగితం మీద చేసేవారు. క్రోజియర్ 1916లో ఫోర్డు అనే పేరుగల ట్రాక్టరు కొన్నాడు. తీరా చూస్తే అది కార్లు చేసే హెన్రీ ఫోర్డుది కాదు. మినియాపొలిస్ నగరంలో ఫోర్డు అనే ఇంటిపేరు గల మరొకరిని ముందు పెట్టుకుని వెలసిన కంపెనీది. ట్రాక్టరు పనిచేయలేదు. బదులుగా ఇచ్చినదీ పనిచేయలేదు. తర్వాత బుల్ అనే మరొక రకం కొన్నాడు. దానితోనూ సుఖపడలేదు. 1918లో రూమ్లీ కంపెనీవారి మూడు నాగళ్ళ ట్రాక్టరు తెచ్చుకున్నాడు. ఇది చెప్పినంత పనీ చేసింది, అంతకు మించి కూడా లాగింది. అప్పుడు ఆయనకు తట్టింది: మంచి యంత్రమూ ఉన్నది, చెడ్డ యంత్రమూ ఉన్నది, రెండింటి మీదా అంకెలు ఒకే తీరుగా ఉన్నవి, డబ్బు పోగొట్టుకుంటే తప్ప రైతుకు తేడా తెలియడం లేదు.

క్రోజియర్ శాసనసభకు ఎన్నికై, చార్లెస్ వార్నర్ అనే సెనేటరు తోడ్పాటుతో 1919లో చట్టం తెచ్చాడు. రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు పరీక్షించనిదే నెబ్రాస్కాలో ఏ రకం ట్రాక్టరునూ అమ్మరాదు. ప్రకటనలో చెప్పిన శక్తి పరీక్షలో రావలె. అంతేకాదు, అమ్మిన కంపెనీ విడిభాగాలను రాష్ట్రంలో అందుబాటులో ఉంచవలె. ఈ చివరి షరతు రాసినవాడు దుక్కి అదను దాటిపోతుంటే ఒక్క పళ్ళచక్రం కోసం ఎదురుచూసినవాడే అయి ఉండాలని నాకనిపిస్తుంది.

1919 చివర మొదటి పరీక్ష మొదలుపెడితే మంచు పడి ఆగిపోయింది. 1920 వసంతంలో వాటర్లూ బాయ్ అనే ట్రాక్టరు ఒకటో నంబరు పరీక్షకు నిలిచింది. దాని రకం పేరు 12-25. అంటే ఏమిటి? బెల్టు వేసి నూర్పిడి మిషను తిప్పితే 25 గుర్రాలు, వెనక కొక్కేనికి నాగలి తగిలిస్తే 12 గుర్రాలు. కంపెనీవారే తమ ట్రాక్టరు పేరులో "సగం దారిలో పోతుంది" అని ఒప్పుకున్నారన్నమాట! ఆ కాలపు ట్రాక్టర్లకు చాలావాటికి ఇటువంటి జంట అంకెలే ఉండేవి.

ఆ సగం ఎక్కడ పోతున్నది? ఇంజను నుంచి చక్రానికి శక్తి నడిచే దారిని చూడాలి. వాటర్లూ బాయ్‌లో ఇంజను ఇరుసు ట్రాక్టరుకు అడ్డంగా ఉండేది. వెనక చక్రాల ఇరుసూ అడ్డమే. రెండూ ఒకే వరసలో ఉన్నవి గనుక, శక్తి మలుపు తిరగనక్కరలేదు. మామూలు పళ్ళచక్రాలు ఒకదానినొకటి తోసుకుంటూ పోతే చాలు. అటువంటి పళ్ళ జత ఒక్కొక్కటి తినేది నూటికి ఒకటి రెండు పాళ్ళే. అయితే చక్రాల దగ్గరి పెద్ద పళ్ళచక్రానికి మూత లేదు. దుమ్మూ ఇసుకా పడి అరిగిపోయేది.

1917లో హెన్రీ ఫోర్డు తెచ్చిన ఫోర్డ్‌సన్‌లో దారి వేరు. ఇంజను నిలువున, ముందునుంచి వెనక్కు. ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు మూడింటినీ కలిపి ఒకే మొండెంలా బిగించారు. విడిగా చట్రం లేదు. పళ్ళన్నీ నూనెలో మునిగి, దుమ్ము సోకకుండా ఉండేవి. తేలిక, చవక. కాని నిలువు ఇరుసు నుంచి అడ్డ ఇరుసుకు శక్తి మలుపు తిరగాలి గదా! ఆ మలుపు దగ్గర వర్ము గేరు పెట్టారు. అది మరలాగా చుట్టు తిరుగుతూ పళ్ళచక్రాన్ని తోస్తుంది. మామూలు పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లుతవి, వర్ము మాత్రం రాసుకుంటూ పోతుంది. రాపిడి ఉన్నచోట వేడి పుడుతుంది. ఆ వేడంతా దుక్కికి పోవలసిన శక్తే. ఫోర్డ్‌సన్‌లో ఆ గేరు సరిగ్గా డ్రైవరు పీట కింద ఉండేది. పీట కాలుతోందని రైతులు మొరపెట్టుకునేవారు. 1945లో ఇంగ్లండులో కొత్త మేజరు రకం చేసినప్పుడు వర్మును తీసేసి, నేటి ట్రాక్టర్లలో మన మెకానిక్కులు "క్రౌను పీనియను" అనే వాలు పళ్ళ జతను పెట్టారు.

అయితే తప్పంతా వర్ముదే అనుకోకండి. ఫోర్డ్‌సన్ బరువు రమారమి 1200 కిలోలు, చక్రాలు ఇనుపవి. మెత్తని నేలలో అవి దిగబడి, తిరుగుతూనే జారేవి. గేర్లలో పోయేదానికన్నా చక్రం కింద మట్టిలో పోయేదే హెచ్చు. ఈ సంగతి రుజువైంది గాలి టైర్లు వచ్చాకనే. 1932లో ఆలిస్-చామర్స్ కంపెనీ ట్రాక్టరుకు గాలి టైర్లు వేసింది. 1934లో అదే కంపెనీ డబ్ల్యు.సి. రకాన్ని నెబ్రాస్కాలో రబ్బరు చక్రాలతో పరీక్షించారు. ఇంజను మారకుండానే లాగుడు మెరుగుపడింది.

కార్లలోనూ ఈ దారి గొడవే ఉన్నది. అంబాసిడరులో ఇంజను ముందు నిలువున, తిరిగేవి వెనక చక్రాలు. పొడుగాటి షాఫ్టూ ఒక మలుపూ తప్పవు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారులో ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పారు. మలుపు పోయింది, షాఫ్టు పోయింది. కాని నునుపైన రోడ్డు మీది కారుకు ఆదా అయిన ఆ కాస్త శక్తీ లాభమే, దుక్కిలోని ట్రాక్టరు లెక్క అది కాదు. నాలుగు చక్రాలూ తిరిగే ట్రాక్టరులో పళ్ళు ఎక్కువ, గేర్లలో నష్టమూ కాస్త ఎక్కువే. అయినా ముందు చక్రాలు కూడా నేలను పట్టుకుంటవి గనుక, తడి నేలలో కొక్కేనికి అందేది దానికే ఎక్కువ.

మోటుగా ఒక లెక్క ఉన్నది. దారిలో ఒక్కొక్క మజిలీకి నూటికి 86 పాళ్ళు మిగులుతవని. ఇంజను 50 గుర్రాలైతే పి.టి.ఓ. దగ్గర 43. సిమెంటు బాట మీద కొక్కెం దగ్గర 37. గట్టి నేలలో 32. దున్నిన నేలలో 27. అంటే బానెట్టు మీది అంకెలో సగానికి కాస్త పైన. ఇది అంచనాయే, మీ నేలనుబట్టీ టైరునుబట్టీ అటూ ఇటూ అవుతుంది.

ఇందులో పి.టి.ఓ. మజిలీని గమనించండి. అక్కడ శక్తి ఇంకా చక్రం దాకా పోలేదు, మట్టిలో జారలేదు. 1918 ప్రాంతంలో ఇంటర్నేషనల్ హార్వెస్టరు కంపెనీ ఆ ఇరుసును ట్రాక్టరు వెనక పెట్టి అమ్మింది కోత యంత్రాలకోసం. ఇవాళ మన దమ్ము మడిలో రోటవేటరు తిరిగేది దానితోనే. మోకాటి లోతు బురదలో నాగలి లాగలేక చతికిలబడే ట్రాక్టరు అదే మడిలో రోటవేటరును తిప్పగలగడానికి కారణమిదే.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో 1955లో ట్రాక్టరు శిక్షణ కేంద్రంగా మొదలైన సంస్థ ట్రాక్టర్లను ఈ పద్ధతిలోనే పరీక్షించి నివేదికలిస్తున్నది. దక్షిణాదికి అటువంటి సంస్థ అనంతపురం దగ్గర గార్లదిన్నెలో ఉన్నది. కొనబోయే రకం నివేదిక ఎక్కడైనా దొరికితే, ఇంగ్లీషు చదివే కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పి.టి.ఓ. పట్టికనూ డ్రాబారు పట్టికనూ తీయించండి. మొదటి దానినుంచి రెండవదానికి వచ్చేసరికి అంకె ఎంత తగ్గిందో చూసుకోండి. చక్రాలకు బరువులు కట్టి కొలిచారా, కట్టకుండా కొలిచారా అన్నదీ ఆ పక్కనే రాసి ఉంటుంది.