దేశం లెక్కలో మన ఇల్లెక్కడ?

తెలంగాణ తలసరి ఆదాయం 2022-23లో మూడు లక్షల రూపాయలు దాటింది. ఈ సంగతి మీరు పేపర్లో చదివే వుంటారు. తలసరి అంటే తలకింత అని. చంటిపిల్ల నుంచి ముసలమ్మ దాకా అందరికీ కలిపి వేసిన సగటు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి ఏడాదికి పన్నెండు లక్షలకు పైగా రావాలి. నిజామాబాదులోనో, ఆర్మూరులోనో బీడీలు చుట్టి ఇల్లు గడుపుకొనే ఏ ఇల్లాలితోనైనా ఈ మాట అని చూడండి. "మా పైసలు ఏడ వేసిండ్రమ్మా?" అని అడుగుతుంది. ఆమె అడగడం న్యాయమే.

అట్లాగని లెక్క అబద్ధం కాదు. లెక్కగట్టినవాళ్ళు కళ్ళు మూసుకుని రాయలేదు. అబద్ధం కాని లెక్క మన వంటింట్లో ఎందుకు కనబడదు? సోదరీమణులారా, ఇది ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళకే తెలియవలసిన విషయం కాదు. ఈ లెక్క చూసే బడ్జెట్లు వేస్తారు, అప్పులిస్తారు, దేశాలకు వరస నంబర్లు వేస్తారు. కాబట్టి ఇది ఎట్లా పుట్టిందో, ఏం చెబుతుందో, ఏం దాస్తుందో మనమూ తెలుసుకోవాలి.

మన దేశంలో ఈ లెక్కకు ఆద్యుడు దాదాభాయి నౌరోజీ. 1867-68 సంవత్సరానికి బ్రిటిషు ఇండియాలో మనిషికి ఏటా ఇరవై రూపాయల ఉత్పత్తి మాత్రమే వుందని ఆయన తేల్చారు. మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో వుంది కనుక ఆ లెక్కలోకి రాలేదు. నౌరోజీ అంతటితో ఆగలేదు. జైల్లో ఖైదీకి తిండికీ బట్టకూ సర్కారు ఎంత ఖర్చు పెడుతోందో చూశారు. సామాన్యుడి సగటు అంతకన్నా తక్కువగా తేలింది! పైగా అది సగటే. ఉన్నవాళ్ళు తమ వాటా తీసుకున్నాక పేదవాడికి మిగిలేది ఇంకా తక్కువ అని కూడా ఆయన గుర్తుచేశారు. అంటే మన దేశంలో ఈ లెక్క పుట్టిందే పేదరికాన్ని చూపించడానికి.

ఆ తరవాత 1931-32 సంవత్సరానికి వి.కె.ఆర్.వి. రావుగారు మరింత శాస్త్రీయంగా లెక్కగట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహలనోబిస్ అధ్యక్షుడుగా జాతీయాదాయ సంఘం ఏర్పడింది. గాడ్గిల్, రావుగార్లు అందులో సభ్యులు. అమెరికాలో ఇటువంటి లెక్క తయారుచేసిన సైమన్ కుజ్నెట్స్, 1934లో తమ కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలోనే ఒక హెచ్చరిక చేశాడు. జాతీయాదాయం చూసి జనం బాగోగులు అంచనా వేయడం కుదరదన్నాడు. అంకెను అందరూ అందుకున్నారు. హెచ్చరికను మరిచిపోయారు.

ఇంతకీ లెక్క ఎట్లా వేస్తారు? మన బోధన్ చక్కెరతోనే చూద్దాం. రైతు నూరు రూపాయల చెరకు అమ్మాడనుకోండి. ఫ్యాక్టరీ దాన్ని చక్కెర చేసి నూటయాభైకి అమ్మింది. రెండూ కలిపి రెండువందల యాభై అనకూడదు, ఎందుకంటే చక్కెర ధరలో చెరకు ధర కలిసే వుంది. రైతు నూరు, ఫ్యాక్టరీ కలిపిన విలువ యాభై, వెరసి నూటయాభై. ఇట్లా ఏడాది పొడుగునా ప్రతి పొలంలో, కార్ఖానాలో, కొట్లో, ఆఫీసులో కొత్తగా చేరిన విలువను కూడితే వచ్చేదే స్థూల దేశీయోత్పత్తి. జీడీపీ అని మనం వింటున్నది దీన్నే.

ఈ లెక్క చెప్పగలిగింది తక్కువేం కాదు. మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్టను నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యాన 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాల ఆయకట్టు అనుకున్నారు. కాలవ వచ్చింది, చెరకు వచ్చింది. ఆ నీళ్ళను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి 'క్యాంపు'లు వేసుకున్నారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళ పేర్లలో క్యాంపు అనే మాట మిగిలే వుంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోకెల్లా పెద్దదని దానికి పేరు. శక్కర్‌నగర్ కాలనీ, వేల ఎకరాల సొంత తోటలు, తోటల్లోంచి చెరకు తెచ్చే చిన్న రైలు, మొలాసిస్ నుంచి సారాయం తీసే డిస్టిలరీ... ఇదంతా కొత్త ఉత్పత్తి. ఉత్పత్తి లేకుండా జీతాలు లేవు, పన్నులు లేవు. పన్నులు లేకుండా బడీ లేదు, ఆస్పత్రీ లేదు. "అంకెలతో మనకేం పని" అని కొట్టిపారేసేవాళ్ళు ఈ మాట మరవకూడదు.

అయితే ఆ నూటయాభై రూపాయలు ఎవరింటికి ఎంత చేరాయో లెక్క చెప్పదు. శక్కర్‌నగర్‌లో ఆఫీసరుగారి బంగళాకూ, చెరకు నరికే కూలి గుడిసెకూ కలిపి సగటు తీస్తే మధ్యరకం పెంకుటిల్లు వస్తుంది. అటువంటి ఇల్లు అక్కడ ఒక్కటీ లేకపోయినా సరే, సగటులో మాత్రం వుంటుంది!

'స్థూల' అనే మాటను కూడా ఒకసారి పట్టి చూడండి. అరుగుదల తీసెయ్యకుండా వేసిన లెక్క అని దాని అర్థం. కట్టినప్పుడు నిజాంసాగర్‌లో దాదాపు 30 టీఎంసీల నీళ్ళు పట్టేవి. ఏళ్ళ తరబడి పూడిక చేరి అందులో పెద్ద భాగం పోయింది. తరవాత గేట్ల ఎత్తు పెంచినా ఇప్పుడు పట్టేది 17.8 టీఎంసీలే. కాలవ కింద పండిన ప్రతి బస్తా లెక్కకెక్కింది. చెరువు అడుగున చేరిన మట్టిని ఏ ఏటి లెక్కలోనూ తీసివేయలేదు. ఇంట్లో గిన్నెలు ఒక్కొక్కటే అమ్ముకుంటూ ఆదాయం పెరిగిందనుకుంటే ఎట్లా వుంటుందో ఆలోచించండి.

ఇక బోధన్ ఫ్యాక్టరీ సంగతి. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికుడి జీతం పోయింది, రైతు చెరకు మానుకున్నాడు, బజార్లో కొట్లు వెలవెలబోయాయి. మరి రాష్ట్రం లెక్క పడిపోయిందా? లేదు, పెరిగింది. హైదరాబాదు చుట్టుపట్ల, రంగారెడ్డి జిల్లాలో కంప్యూటరు కంపెనీలూ మందుల కంపెనీలూ కలిపిన విలువ ముందు బోధన్ నష్టం కనబడనే లేదు. మళ్ళీ ఫ్యాక్టరీ తెరిపించే మార్గం చూడమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. మధ్యలో గడిచిన ఏళ్ళు మాత్రం ఆ ఇళ్ళవాళ్ళకు తెలుసు, సగటుకు తెలియదు.

ఇప్పుడు మన పని దగ్గరకు వద్దాం. ఈ లెక్కను ఆఫ్రికాలో వేయబోయి, అక్కడ ఆడవాళ్ళ పని చూసి ఆగి ఆలోచించిన ఒక యువతి వుంది. పేరు ఫిలిస్ డీన్. 1940లలో ఇంగ్లండు నుంచి వెళ్ళి, ఇప్పటి మలావీ, జాంబియా దేశాల పల్లెల్లో ఆదాయాలు లెక్కగట్టింది. అక్కడ ఇంటికి కావలసిన ధాన్యం ఇంటివాళ్ళే పండించుకుంటారు. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. అయినా ధాన్యాన్ని లెక్కలో వేస్తున్నప్పుడు, ఆడవాళ్ళు మైళ్ళ దూరం నడిచి తెచ్చే కట్టెల్ని వదిలేయడం తర్కానికి నిలవదని ఆమె వాదించింది. 1953లో ఐక్యరాజ్యసమితి ప్రపంచానికంతటికీ ఒక పద్ధతి ఖాయం చేసినప్పుడు ఆమె మాట నెగ్గలేదు. 1993లో పద్ధతి సవరించాక ఇంటికోసం కట్టెలు తేవడం, నీళ్ళు మోయడం ఉత్పత్తి కిందికి వచ్చాయి. కాని వంట, ఊడ్పు, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ ఇప్పటికీ బయటే వున్నాయి. అంటే బోరింగు నుంచి బిందెడు నీళ్ళు తెస్తే ఉత్పత్తి. ఆ నీళ్ళతో అన్నం వండితే కాదు! అదే అన్నం హోటల్లో వండితే మళ్ళీ ఉత్పత్తి.

ఈ వదిలేసిన పని ఎంత? 2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు 299 నిమిషాలు గడుపుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అయిదు గంటలంటే దాదాపు పగటిలో సగం. దేశం లెక్కలో దానికి విలువ సున్నా.

బీడీల పని లెక్కలో వుంది. వెయ్యి బీడీలకు ఇంత అని ఇచ్చే కూలి పరిశ్రమ ఖాతాలోనే చేరుతుంది. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఆ వెయ్యి పూర్తయ్యేసరికి పొద్దుగూకుతుంది. లెక్కలో కూలి వుంది, పొద్దు లేదు. పక్కన కూర్చుని బీడీ మూతులు ముడిచిన ఆడపిల్ల పేరు లేదు. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఫీజు ఉత్పత్తి కింద చేరుతుంది. ఆమె జబ్బు ఎక్కడా తీసివేత కాదు. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. తరవాత అది రెండువేల పదహారు అయింది. ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళల్లో పాలూ పప్పూ కొన్నారో! కాని పింఛను కొత్త ఉత్పత్తి కాదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన డబ్బు. అందుకని నేరుగా జీడీపీలో చేరదు. దగ్గు మందు చేరుతుంది, దగ్గు తగ్గించే ఊరట చేరదు.

సారా సంగతీ అంతే. సారా మీద వచ్చిన పన్ను జాతీయోత్పత్తిలో భాగమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు సర్కారు ఖజానాకు నష్టమన్నారు. మా ఇళ్ళల్లో పోయిన కూలి డబ్బు, తిన్న దెబ్బలు ఏ ఖాతాలో రాశారని ఆడవాళ్ళ ప్రశ్న. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం అయింది. చదువులేని ఆడవాళ్ళు ప్రభుత్వం లెక్కల పుస్తకానికి రెండో పక్క చూపించారన్నమాట.

మన జిల్లాకు ఇంకో ప్రత్యేకత వుంది, గల్ఫ్. 1973లో చమురు ధరలు పెరిగాక దుబాయి, సౌదీల్లో పనులు పుట్టాయి. నిజామాబాదు, కరీంనగర్ పల్లెల నుంచి మగవాళ్ళు వెళ్ళారు. ఆర్మూరు మనిషి దుబాయిలో కట్టిన గోడ దుబాయి ఉత్పత్తి. అతను పంపిన డబ్బు మన ఉత్పత్తి కాదు. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కడితే మేస్త్రీ కూలి, ఇటుక బట్టీ ఆదాయం అప్పుడు చేరతాయి. అంటే ఇంటి బతుకు లెక్క కన్నా మెరుగ్గా కనిపించవచ్చు. కాని ఏజెంటుకు కట్టిన అప్పు, వడ్డీ, ఒంటరిగా పిల్లల్నీ అత్తమామల్నీ చూసుకునే భార్య పడే పాటు ఆ మెరుగులోంచి ఎవరు తీసివేస్తారు? ఆఫ్రికాలో లెసోతో అనే చిన్న కొండదేశం కథా ఇదే. అక్కడి మగవాళ్ళు దక్షిణాఫ్రికా గనుల్లో పని చేశారు. దేశంలో పుట్టిన ఉత్పత్తి కొంచెం, బయటి జీతాలు కలిపితే జాతీయాదాయం ఎంతో ఎక్కువ. ఒకటే దేశం, ఏ అంకె తీసుకుంటే ఆ కథ.

ఆఫ్రికాలోనే ఇంకో వింత చూడండి. 2010 నవంబరులో ఘనా తన లెక్కల పద్ధతిని సవరిస్తే జీడీపీ ఒక్కసారిగా 60 శాతం పెరిగింది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా 1990 నాటి పాత ప్రాతిపదికను మార్చింది. సెల్‌ఫోన్లూ సినిమా పరిశ్రమా సరిగా లెక్కకెక్కేసరికి 89 శాతం పెరిగి, దక్షిణాఫ్రికాను దాటి ఆ ఖండంలో మొదటి స్థానానికి వచ్చింది. ముందు రోజు రాత్రి పస్తున్న ఇంట్లో తెల్లారి పొయ్యి వెలగలేదు. ఈక్వటోరియల్ గినీలో 1990లలో చమురు పడింది. తలసరి అంకె ఆకాశానికంటింది. జనంలో ఎక్కువమంది బీదరికంలోనే వుండిపోయారు. ఒకచోట వున్నది కనబడలేదు, ఇంకోచోట కనబడింది జనానికి అందలేదు.

దీనికి విరుగుడుగా 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్యసేన్ వంటివారి తోడ్పాటుతో మానవాభివృద్ధి సూచిక తెచ్చారు. ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా కలిపి చూస్తుంది. మంచిదే. అదీ సగటే, వంటిల్లు అందులోనూ లేదు.

కనుక ఈసారి తలసరి ఆదాయం పెరిగిందని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ పనిని కూడారు? ఏ నష్టాన్ని తీసివేయలేదు? పెరిగింది ఎవరింటికి చేరింది? అంకెను తిట్టనక్కరలేదు, నమ్మి ఊరుకోనూ అక్కరలేదు.

ఇంకొక్క మాట. జనాభా లెక్కలవాళ్ళో, సర్వేవాళ్ళో గుమ్మంలోకి వచ్చి "మీరేం చేస్తారమ్మా?" అని అడుగుతారు. మనలో చాలామంది "ఏం చెయ్యను, ఇంట్లోనే వుంటా" అంటాం. బీడీలు చుట్టేవాళ్ళు, గేదెను మేపేవాళ్ళు, పసుపు కొమ్ములు ఏరేవాళ్ళు కూడా అదే జవాబు చెబుతారు. లెక్కరాసే మనిషి ఆ మాటే రాసుకుని పోతాడు. మనం చెప్పని పని ఏ దేశం లెక్కలోకీ ఎక్కదు. ఈసారి అడిగితే పొద్దున్న లేచింది మొదలు చేసే పనులన్నీ, ఒకటీ వదలకుండా, నిదానంగా చెప్పండి. రాసుకోవడానికి అతనికి ఎంతసేపు పడితే అంతసేపు పట్టనివ్వండి.